కార్యాలయాల్లో వైవిధ్యం, సమాన గౌరవం కోసం పనిచేసే వృత్తిలోకి ఎలా రావాలి?

హైదరాబాదులోని ఐటీ కంపెనీల్లో, బహుళజాతి సంస్థలు తమ పనుల కోసం ఇక్కడ పెట్టుకున్న కేంద్రాల్లో (జీసీసీల్లో), బ్యాంకుల్లో, ఫార్మా పరిశ్రమలో డైవర్సిటీ అండ్ ఇన్‌క్లూజన్ పేరుతో ఉద్యోగాలు ఉన్నాయి. దూరం నుంచి చూసేవారికి ఈ పని మహిళా దినోత్సవ సభలుగా, ముగ్గుల పోటీలుగా, గోడ మీది పోస్టర్లుగా కనిపిస్తుంది. అయితే ఆ సభలన్నీ తీసేసినా మిగిలే పని చాలా ఉంది. సంస్థలోకి ఎవరు రాగలుగుతున్నారు, వచ్చినవారిలో ఎవరు నిలబడుతున్నారు, ఎవరికి పదోన్నతి అందుతోంది, అన్యాయం జరిగినప్పుడు ఎవరి మాట చెల్లుతోంది అనే నాలుగు ప్రశ్నలకు లెక్కలతో జవాబు వెతికి, ఆ జవాబు బాగాలేని చోట నియమాన్నో పద్ధతినో మార్పించడమే ఈ వృత్తి. హెచ్ఆర్‌లో కొన్నేళ్లు గడిపినవారికీ, న్యాయశాస్త్రమో సోషల్ వర్కో చదివినవారికీ, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నవారికీ ఇందులోకి దారి ఉంది. ఆ దారిలో ఏది ముందు, ఏది తరువాత అన్నది వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: ఉద్యోగాల పరిస్థితిని ఉన్నది ఉన్నట్టు చూడండి

2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఫెడరల్ ప్రభుత్వంలోని డీఈఐ (వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకోవడం) కార్యక్రమాలను నిలిపివేస్తూ ఉత్తర్వులు ఇచ్చిన తరువాత, అక్కడి పెద్ద కంపెనీలు కొన్ని తమ విభాగాలను తగ్గించుకున్నాయి, కొన్ని పేరు మార్చుకున్నాయి. మాతృసంస్థ అమెరికాలో ఉన్న కేంద్రాల మీద ఆ ప్రభావం పడడం సహజం. కాబట్టి ఒక హోదా పేరును నమ్ముకుని వృత్తిని కట్టుకోకండి. అదే పని కొన్ని చోట్ల ఉద్యోగుల సంబంధాల విభాగంలో, కొన్ని చోట్ల నియామకాల బృందంలో, మరికొన్ని చోట్ల ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) విభాగంలో జరుగుతుంది. ఉద్యోగ ప్రకటనలు వెతికేటప్పుడు పోష్ (పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నివారణ), అందుబాటు, సమాన అవకాశాలు, సుస్థిరత నివేదిక వంటి మాటలతో కూడా వెతకాలి.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. భారతీయ చట్టాలు మన సంస్థల మీద పెట్టిన బాధ్యతలు వాషింగ్టన్ ఉత్తర్వులతో రద్దు కావు. అందుకే ఈ రంగంలోకి వచ్చేవారు విదేశీ పరిభాష కంటే ముందు మన చట్టాన్ని నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

రెండవ మెట్టు: చట్టాన్ని మూలం నుంచి చదవండి

సారాంశాలు, స్లైడ్లు పక్కనబెట్టి చట్టాల అసలు పాఠాన్ని తెచ్చుకోండి. ఇవేమీ పెద్ద గ్రంథాలు కావు. ఓపికగా కూర్చుంటే పోష్ చట్టం ఒక పూటలో పూర్తవుతుంది.

పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం, అంటే పోష్ చట్టం, 2013 డిసెంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని వెనుక రాజస్థాన్‌కు చెందిన, సామూహిక అత్యాచారానికి గురైన కార్యకర్త భన్వరీ దేవి ఉదంతం, ఆ తరువాత పని ప్రదేశాల్లో వేధింపులను అడ్డుకోవడానికి 1997లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చిన విశాఖ తీర్పు ఉన్నాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగంమంది మహిళలు కావాలి, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆపైన పది రోజుల్లో నివేదిక అందాలి, దాని మీద యాజమాన్యం 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. డబ్బు ఇచ్చి రాజీ చేయడానికి చట్టం ఒప్పుకోదు. ఈ గడువులన్నిటినీ ఒకే కాగితం మీద గీసుకుని, ఫిర్యాదు అందిన రోజు నుంచి ఎవరు ఏమి చేయాలో మీ అంతట మీరు రాసుకోండి. కమిటీ ఉందని బోర్డు పెట్టి, దాని సభ్యులకు ఈ గడువులే తెలియని సంస్థలు ఉన్నాయి కనుక, ఈ ఒక్క కాగితం మీకు పనికొచ్చినంతగా ఎన్నో సర్టిఫికెట్లు పనికిరావు. 2025 జూలై నుంచి కంపెనీలు తమ బోర్డు నివేదికలో ఇలాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి, 90 రోజులు దాటి ఎన్ని మిగిలాయి అన్నది చెప్పాల్సి వస్తోంది. అందువల్ల ఈ పని తెలిసినవారి అవసరం పెరిగింది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, ఇది 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ సంగతి అందరికీ తెలుసు. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలని, దాని ప్రతిని వికలాంగుల కమిషనర్ వద్ద నమోదు చేయాలని ఇదే చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోందన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఇరవైమంది, అంతకు మించి ఉద్యోగులుంటే ఆ విధానంలో వికలాంగులకు అనువైన పోస్టుల జాబితా, ఎంపిక పద్ధతి, సహాయక పరికరాలు, ప్రత్యేక సెలవు, ఈ వ్యవహారాలు చూసే లైజన్ అధికారి నియామకం వంటి అంశాలు ఉండాలని 2017 నాటి నియమాలు చెబుతున్నాయి. ఈ విధానాన్ని సరిగ్గా రాసి, నమోదు చేయించి, అమలు చేయించగలిగిన మనిషి ఏ మధ్యతరహా సంస్థకైనా అవసరమే.

మిగిలినవాటిలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని అంటుంది. 2017 నాటి హెచ్ఐవీ చట్టం వందమంది, ఆపైన ఉన్న సంస్థలకు అదే బాధ్యత పెట్టింది. ఇరవయ్యారు వారాల ప్రసూతి సెలవు, యాభైమంది ఉన్నచోట శిశు సంరక్షణ కేంద్రం అనే నిబంధనలు ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చాయి. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఇవి సామాజిక భద్రత కోడ్‌లో చేరాయి. ఇంటర్వ్యూలో పాత చట్టం పేరు చెబితే తప్పు పట్టవచ్చు కాబట్టి కొత్త కోడ్‌లలోని సెక్షన్లు కూడా చూసుకోండి.

మూడవ మెట్టు: కంపెనీలు స్వయంగా చెప్పుకున్న లెక్కలు చదవండి

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం, అక్కడ నమోదైనవాటిలో మార్కెట్ విలువను బట్టి మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను తప్పనిసరిగా ప్రకటిస్తున్నాయి. వార్షిక నివేదికతో పాటు కంపెనీ వెబ్‌సైట్లో అది ఉచితంగా దొరుకుతుంది. అందులో మహిళా ఉద్యోగులు, కార్మికులు ఎంతమంది, వైకల్యం ఉన్నవారు ఎంతమంది, పురుషుల మధ్యస్థ వేతనం (వేతనాలను వరుసలో పెడితే నడుమ వచ్చేది) ఎంత, స్త్రీలది ఎంత, ప్రసూతి లేదా పితృత్వ సెలవు తరువాత తిరిగి వచ్చినవారి శాతం ఎంత, వచ్చాక ఏడాదిపాటు నిలిచినవారు ఎంతమంది అన్న వివరాలు ఉంటాయి. భవనాలు వికలాంగులకు అందుబాటులో ఉన్నాయా అన్న ప్రశ్న కూడా ఉంటుంది.

ఒకే రంగానికి చెందిన మూడు కంపెనీలను తీసుకుని, మూడేళ్ల నివేదికలను పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారు చేయండి. సెలవు తరువాత తిరిగి వచ్చినవారి శాతం బాగుండి, ఏడాది తరువాత నిలిచినవారి శాతం పడిపోతే, ఇబ్బంది సెలవు విధానంలో కంటే తిరిగి వచ్చాక ఇచ్చిన పనిలోనో, మేనేజరు తీరులోనో, పిల్లల సంరక్షణ ఏర్పాటులోనో ఉండే అవకాశం ఎక్కువ. శాశ్వత ఉద్యోగుల్లో మహిళల శాతం పెరగకుండా కాంట్రాక్టు ఉద్యోగుల్లో మాత్రమే పెరిగితే దాని అర్థం వేరు. ఇలాంటి పరిశీలనలను రెండు పేజీల్లో రాసి ఉంచుకోండి. అనుభవం లేనివారు ఇంటర్వ్యూకు పట్టుకెళ్లదగిన పత్రం ఇంతకంటే మంచిది మరొకటి నాకు తెలియదు.

నాలుగవ మెట్టు: ఒక అంశంలో లోతుగా దిగండి

లింగ సమానత్వం, వైకల్యం, కులం, ట్రాన్స్‌జెండర్, క్వీర్ (భిన్న లైంగికత ఉన్న) ఉద్యోగుల హక్కులు, వయసు, ప్రాంతం, భాష అన్నిటి గురించీ కొంచెం కొంచెం మాట్లాడగలిగే వారు చాలామంది ఉన్నారు. ఒక అంశాన్ని మూలమట్టంగా తెలిసినవారు తక్కువ. మొదటి మూడు, నాలుగేళ్లు ఒకదానిలో నైపుణ్యం సంపాదించి, తరువాత విస్తరించడం మంచిది.

వైకల్యం వైపు వెళ్లాలనుకుంటే నేర్చుకోవడం ఈరోజే మొదలుపెట్టవచ్చు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉచితం. దాన్ని కంప్యూటర్లో వేసుకుని, మౌస్ పక్కనబెట్టి, ట్యాబ్ కీతో మాత్రమే మీ సంస్థ ఉద్యోగ దరఖాస్తు ఫారాన్ని పూర్తి చేయడానికి ప్రయత్నించండి. పేరు లేని బటన్ దగ్గర అది "బటన్" అని మాత్రమే చదివి ఊరుకుంటుంది. బొమ్మలోని అక్షరాలు గుర్తించమనే క్యాప్చా దగ్గర దారి మూసుకుపోతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఆఫర్ లెటరులో దానికి ఒక్క అక్షరం కూడా దొరకదు. ఎక్కడెక్కడ ఆగిపోయారో రాసుకుని, ఒక్కొక్క అడ్డంకికీ వెబ్‌సైట్ల అందుబాటుకు సంబంధించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఏ నియమం వర్తిస్తుందో జతచేయండి. టెస్టింగ్ అనుభవం ఉన్నవారు ఈ దారిలో వేగంగా ఎదుగుతారు, తరువాత అందుబాటు నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏఏపీ ఇచ్చే సీపీఏసీసీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. భవనం విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. ర్యాంపు ఉందని సరిపెట్టుకోకుండా దాని వాలు ఒకటికి పన్నెండు నిష్పత్తిని మించి నిటారుగా ఉందేమో కొలవాలి, మరుగుదొడ్డి తలుపు గుండా చక్రాల కుర్చీ పడుతుందో లేదో చూడాలి, అగ్నిప్రమాదం జరిగితే లిఫ్టు ఆగిపోయాక ఆ ఉద్యోగిని కిందికి ఎవరు, ఎలా తీసుకొస్తారో రాతపూర్వకంగా ఉందా అని అడగాలి. బధిర అభ్యర్థి ఇంటర్వ్యూకు వస్తే సంజ్ఞా భాష దుబాసీని సంస్థ ఖర్చుతోనే ఏర్పాటు చేయాలి తప్ప ఆ అభ్యర్థి అన్ననో అక్కనో పక్కన కూర్చోబెట్టకూడదు.

మన రాష్ట్రాల్లోనే దీనికి గట్టి ఉదాహరణ ఉంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా, చూపు లేదన్న కారణంతో పదో తరగతి తరువాత సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకు వెళ్లి గెలిచి చదివారు. తరువాత అమెరికాలో ఎంఐటీలో చదివి తిరిగి వచ్చి, 2012లో హైదరాబాదు కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి వికలాంగులకు ఉద్యోగాలు ఇచ్చారు. సైన్సు చదవడానికి ఆయనకు అడ్డొచ్చింది ఒక నియమం, ఆ నియమం పోగానే దారి తెరుచుకుంది. ఈ వృత్తిలో మీరు వెతకాల్సినవి అలాంటి నియమాలే.

ఐదవ మెట్టు: కులం గురించి మాట్లాడటం నేర్చుకోండి

ఈ అంశాన్ని విడిగా పెట్టడానికి కారణం, మన కార్యాలయాల్లో దీన్ని ఎక్కువమంది దాటవేస్తారు. విదేశీ నమూనాలో తయారైన శిక్షణల్లో జాతి, వర్ణం ఉంటాయి, కులం ఉండదు. మన దగ్గరేమో అది ఇంటిపేరు అడగడంలో, "మీవాళ్లు ఎక్కడివాళ్లు" అనడంలో, ఎంసెట్ ర్యాంకు ఎంతని ఆరా తీయడంలో, క్యాంటీన్లో ఎవరి డబ్బా ఎక్కడ తెరవాలన్న అలిఖిత నియమాల్లో బయటపడుతుంది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు కాబట్టి తమకు కులంతో పనిలేదనే మేనేజర్లకు, 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రైవేటు కార్యాలయానికీ వర్తిస్తాయని మర్యాదగా, స్పష్టంగా చెప్పగలగాలి.

పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే రకమైన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపినప్పుడు, దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు అగ్రకుల హిందూ పేర్ల కంటే తక్కువ పిలుపులు వచ్చాయి. ఇంటర్వ్యూ గది దాకా రాకముందే వడపోత జరిగిపోతోందని దీనివల్ల అర్థమవుతుంది. కాబట్టి పరిష్కారం కూడా అక్కడే మొదలవ్వాలి. దరఖాస్తులు వడకట్టేవారికి ఇంటిపేరు, ఫొటో, తండ్రి పేరు కనిపించకుండా చేయవచ్చు. ప్రాంగణ నియామకాలను నాలుగైదు పేరున్న కాలేజీలకే పరిమితం చేయకుండా జిల్లాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలకు, గురుకుల డిగ్రీ కళాశాలలకు తీసుకెళ్లవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా రిఫరల్ నియామకాలను పరిశీలించాలి. ఉద్యోగి తనకు తెలిసినవారిని సిఫారసు చేస్తే బోనస్ ఇచ్చే పద్ధతిలో, ఒకే జిల్లా, ఒకే కాలేజీ, ఒకే సామాజికవర్గం వారితో బృందాలు నిండిపోవడం మన నగరాల్లో కొత్తేమీ కాదు. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా ఇది జరుగుతుంది. మొత్తం నియామకాల్లో రిఫరల్స్ వాటాకు పరిమితి పెట్టమని సూచించడం చాలా చిన్న మార్పుగా కనిపిస్తుంది కానీ, ఫలితం చాలా దూరం వెళ్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి కూడా ఈ విషయం అవసరమే. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును, ఇప్పుడున్న చట్టాలు చాలునంటూ గవర్నరు అక్టోబరులో తిప్పి పంపారు. అక్కడి హెచ్ఆర్ విభాగాలకు ఈ అంశాన్ని వివరించగల మనుషులు తక్కువ.

ఆరవ మెట్టు: ఉన్న ఉద్యోగంలోనే ఒక మార్పు చేసి చూపండి

కొత్త హోదా వచ్చేదాకా ఆగకండి. మీరు నియామకాల్లో ఉంటే, దరఖాస్తు చేసినవారు, వడపోతలో మిగిలినవారు, ఇంటర్వ్యూ దాటినవారు, చేరినవారు అనే నాలుగు దశల్లో స్త్రీ పురుషుల సంఖ్య రాసి, ఏ దశలో పెద్ద పతనం ఉందో చూడండి. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే క్రమంలో అడిగి, మార్కులు విడివిడిగా వేసి, చర్చ తరువాత పెట్టుకునే ఇంటర్వ్యూ పద్ధతిని ఒక బృందంలో ప్రయత్నించండి. పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎంతమంది, భర్తకు బదిలీ అవుతుందా అనే ప్రశ్నలు ఇంటర్వ్యూలో నిషిద్ధమని రాతపూర్వకంగా పెట్టించండి. డెలివరీ ఉద్యోగం కాకపోయినా "సొంత ద్విచక్ర వాహనం ఉండాలి" అని, ఖాతాదారులతో మాట్లాడని పనికి "ధారాళమైన ఇంగ్లీషు" అని ప్రకటనలో రాయడం మాన్పించండి. ఇలాంటి ఒక్క మార్పు, దానికి ముందూ వెనుకా లెక్కలతో సహా, మీ రెజ్యూమెలో రాసుకోదగిన మొదటి వాక్యం అవుతుంది.

ఏడవ మెట్టు: చదువు, పరిచయాలు

డిగ్రీ తప్పనిసరి కాదు కానీ, సమయం ఉన్నవారికి హైదరాబాదు మంచి చోటు. టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) ప్రాంగణం, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సామాజిక బహిష్కరణ అధ్యయన కేంద్రం ఇక్కడే ఉన్నాయి. స్త్రీల అంశాల మీద అన్వేషి పరిశోధన కేంద్రం 1985 నుంచి పనిచేస్తోంది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాదులో ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది. వికలాంగ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో చేర్చే యూత్ ఫర్ జాబ్స్ కూడా ఈ నగరం నుంచే మొదలైంది. ఇలాంటి సంస్థల్లో కొన్ని నెలలు స్వచ్ఛందంగా పనిచేస్తే, ఉద్యోగం వెతికేవారి వైపు నుంచి కార్యాలయం ఎలా కనిపిస్తుందో తెలుస్తుంది. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులకు పెద్ద మొత్తాలు కట్టే ముందు, ఆ కోర్సులో నిజమైన ఫిర్యాదు విచారణ అభ్యాసం ఉందా, భారతీయ చట్టం ఉందా అని అడగండి.

ఎనిమిదవ మెట్టు: ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారు, మీరు ఏమి అడగాలి

"మీకు ఈ రంగం మీద ఎందుకు ఆసక్తి" అన్న ప్రశ్నకు భావోద్వేగంతో జవాబివ్వడం అందరూ చేసే పని. అంతకంటే మీరు చూసిన ఒక అడ్డంకి, దాని కారణం, మీరు సూచించిన మార్పు, వచ్చిన ఫలితం వరుసగా చెప్పండి. మహిళలకు ప్రత్యేకంగా అవకాశాలు ఇస్తే మెరిట్ దెబ్బతింటుందనే సీనియర్ మేనేజరుతో ఎలా మాట్లాడతారని తప్పకుండా అడుగుతారు. అతని బృందపు లెక్కలనే అతని ముందు పెడతానని చెప్పగలిగితే మంచి జవాబు.

మీరూ మూడు ప్రశ్నలు అడగండి. ఈ పదవి ఎవరికి రిపోర్టు చేస్తుంది, దీనికి విడిగా బడ్జెట్ ఉందా, వేతనాలు, పదోన్నతుల సమాచారం చూసే అనుమతి ఉంటుందా అన్నవి. మూడింటికీ స్పష్టత లేకపోతే ఆ పదవి వేడుకల నిర్వహణకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

తొమ్మిదవ మెట్టు: చేరిన తరువాత మొదటి మూడు నెలలు

మొదటి నెలలో ఏ కార్యక్రమమూ ప్రకటించకండి. నైట్ షిఫ్టులో పనిచేసేవారు, క్యాబ్ డ్రైవర్లు, హౌస్‌కీపింగ్ సిబ్బంది, సెక్యూరిటీ గార్డులు, ఇటీవల రాజీనామా చేసినవారు ఏమంటున్నారో వినండి. పోష్ చట్టం కాంట్రాక్టు సిబ్బందికీ వర్తిస్తుంది కనుక, హౌస్‌కీపింగ్ మహిళలకు కమిటీ సభ్యుల పేర్లు తెలుసా, ఆ నోటీసు తెలుగులో ఉందా, హిందీలో ఉందా అన్నది మీరే వెళ్లి చూడండి.

రెండవ నెలలో సమాచారం సేకరించండి. కులం, వైకల్యం, లైంగికత వంటి వివరాలు ఎవరి నుంచైనా స్వచ్ఛందంగానే తీసుకోవాలి. ఎందుకు అడుగుతున్నారో, ఎవరు చూస్తారో, ఎంతకాలం ఉంచుతారో ముందే రాసి చెప్పాలి. నలుగురే మహిళలున్న బృందంలో వారి సర్వే ఫలితాలను విడిగా ప్రచురిస్తే ఎవరు ఏమి అన్నారో ఇట్టే తెలిసిపోతుంది, కాబట్టి కనీస సంఖ్య ఒకటి నిర్ణయించి, దానికి తక్కువైతే కలిపి మాత్రమే చూపండి. ఫిర్యాదు చేసినవారి పేరు, విచారణ వివరాలు బయటపెట్టడాన్ని పోష్ చట్టంలోని 16వ సెక్షన్ నిషేధిస్తుంది. భోజనాల దగ్గర మాటవరసకు కూడా వాటి ప్రస్తావన రాకూడదు. ఒకసారి నమ్మకం పోతే రెండవ ఫిర్యాదు మీ దాకా రాదు. వికలాంగ ఉద్యోగిని ప్రతి సభలో మాట్లాడమని, ట్రాన్స్ ఉద్యోగిని ప్రతి శిక్షణలో తన కథ చెప్పమని అడగడం మానండి. అడగక తప్పనప్పుడు అది వారి పనిగంటల్లోకి, పనితీరు అంచనాలోకి చేరేలా చూడండి.

మూడవ నెల చివర, నాయకత్వం ముందు ఒకే ఒక మార్పును ప్రతిపాదించండి. దానికి బాధ్యుడైన మేనేజరు పేరు, గడువు, కొలిచే పద్ధతి ఒకే పేజీలో ఉండాలి. ఒప్పుకుంటే తేదీతో సహా సంతకం తీసుకోండి. ఒప్పుకోకపోతే కారణాన్ని నమోదు చేసి, తరువాతి త్రైమాసికం కొత్త లెక్కలతో అదే ప్రతిపాదనను మళ్లీ పెట్టండి.